సింగర్ వెళ్ళిపోయాక అదే పేరుతో బ్యాండ్ నడపొచ్చా? ఇండియన్ ఓషన్ ఎలా నిలబడింది?

బేస్ వాయించేవాడు:
అందరికీ నమస్తే. మాది నలుగురి రాక్ బ్యాండ్. ఏడేళ్ళుగా సొంత పాటలే వాయిస్తున్నాం, మ్యూజిక్ కంపెనీ లేదు, మేనేజర్ లేడు. పోయిన నెల మా సింగర్ ఇక రాలేనని చెప్పేశాడు. గొడవేం లేదు, ఇంటి బాధ్యతలు. అప్పటి నుంచి రిహార్సల్‌కి వెళ్తే ముగ్గురం తీగలు శ్రుతి చేసుకుని కూర్చుంటున్నాం, ఎవరూ మొదలుపెట్టరు. మైక్ స్టాండ్ ఇంకా వాడి ఎత్తుకే ఉంది, దాన్ని దించడానికి మాలో ఎవరికీ చెయ్యి రావట్లేదు.

ఈ టైమ్‌లో నాకు పదే పదే గుర్తొచ్చేది ఇండియన్ ఓషన్. ఢిల్లీలో 1990లో సుస్మిత్ సేన్, అసీమ్ చక్రవర్తి కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ అది. అసీమ్ 2009లో చనిపోయారు, సుస్మిత్ 2013లో బయటికి వెళ్ళిపోయారు. అంటే పునాది వేసిన ఇద్దరూ లేరు. అయినా 2023లో కొత్త ఆల్బమ్ తెచ్చారు. అదే పేరుతో ఎలా సాగించగలిగారు? మేము అలా చేస్తే వెళ్ళినవాడికి అన్యాయం చేసినట్టు అవుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, మీకు తెలిసింది చెప్పండి.

తబలా పిచ్చి:
బ్రదర్, ముందు అసీమ్ గారు ఏం చేసేవారో ఒకసారి చూడండి. ఆయన పాడేవారు, పాడుతూనే తబలా వాయించేవారు. రెండూ ఒకే మనిషి నుంచి రావడం వల్ల పాట ఊపిరి, తాళం ఊపిరి ఒకటే అయ్యేవి, ఆయన మాట సాగదీస్తే దెబ్బ కూడా దానికోసం ఆగినట్టుండేది. అలాంటి మనిషి 2009 డిసెంబర్ 25న పోతే ఎవరిని తెచ్చి పెడతారు? వాళ్ళు ఆ ప్రయత్నమే చెయ్యలేదు. ఆ ఒక్క చోటుని ఇద్దరికి పంచారు. పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహిన్ చక్రవర్తి. ఇంకో అసీమ్‌ని వెతకలేదు కాబట్టే బ్యాండ్ బతికిందని నా గట్టి నమ్మకం.

ఇంకో విషయం, అంతకు ముందు నుంచే అక్కడ గొంతు ఒక్కరి మీద ఆధారపడి లేదు. 1991లో వచ్చిన రాహుల్ రామ్ బేస్ గిటార్ వాయిస్తూ పాడతారు, 1994లో చేరిన అమిత్ కిలం డ్రమ్స్ మీద కూర్చుని పాడతారు. 2000లో వచ్చిన ‘కందీసా’ వినండి, కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన అది. ‘కందీసా’ అన్న ఒక్క మాటనే గొంతులన్నీ కలిసి ఎత్తుకుంటాయి, ఎవరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగారో పట్టుకోలేం. మీ ముగ్గురిలో ఎవరైనా ఎప్పుడైనా కోరస్ పాడారా? పాడి ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పాత క్యాసెట్లు:
పై జవాబుతో ఏకీభవిస్తాను, కానీ డబ్బు సంగతి, చోటు సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఏళ్ళ తరబడి కరోల్ బాగ్‌లో ఒక పాత బంగళాలో ప్రాక్టీస్ చేశారు. 2010లో వచ్చిన ఆల్బమ్ పేరే ఆ ఇంటి అడ్రస్, ‘16/330 ఖజూర్ రోడ్’. దాన్ని కంపెనీకి అమ్మలేదు, నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు. అందులో ఉన్నది అసీమ్ గారు బతికుండగా రికార్డ్ చేసిన గొంతే. మనిషి పోయిన ఏడు నెలలకి మొదటి పాట, ఆ తర్వాత నెల నెలా ఒకటి... అప్పట్లో నేను ఆ పాటలు దించుకుని వింటుంటే ఆయన ఇంకా ఎక్కడికీ వెళ్ళలేదనిపించేది.

కచేరీలు దండిగా ఉంటేనే ఇలా ఉచితంగా ఇవ్వగలరు, అది గుర్తుపెట్టుకోండి. సుస్మిత్ వెళ్ళాక గిటార్‌కి నిఖిల్ రావు వచ్చారు. సుస్మిత్ గిటార్ మీద హిందుస్తానీ నడక వినిపించేది, ఆ చేతి వాటం ఇంకొకరికి రాదు, రావాలని కోరుకోవడం కూడా తప్పే. 2014లో ‘తందాను’ ఆల్బమ్ చేసినప్పుడు శుభా ముద్గల్, శంకర్ మహదేవన్ లాంటి బయటివాళ్ళని పిలిచి వాళ్ళతో కలిసి వాయించారు. కొత్త మనిషి ఒక్కడి మీదే అందరి చూపూ పడకుండా అది కూడా మేలే చేసి ఉంటుంది, ఇది నా ఊహ.

డ్రమ్ముల వెనక:
అదే పేరుతో సాగడమొక్కటే దారంటే నేను ఒప్పుకోను. అమెరికాలో వాషింగ్టన్ డీసీ బ్యాండ్ ఫ్యుగాజీని చూడండి. 1987 నుంచి కచేరీలు, ఆల్బమ్‌లన్నీ వాళ్ళ సింగర్, గిటారిస్టు ఇయన్ మెకాయ్ వాళ్ళ సొంత లేబుల్ (పాటల కంపెనీ) డిస్కార్డ్ మీదే, టికెట్ చాలా కాలం 5 డాలర్ల దగ్గరే ఉంచారు, చిన్న పిల్లలు కూడా వచ్చేలా చూసుకున్నారు, బ్యాండ్ పేరుతో టీషర్టులు అమ్మలేదు. 2002లో లండన్‌లో చివరి కచేరీ అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఆ నలుగురూ లేకుండా ఆ పేరు పెట్టుకుని ఎవరూ వాయించలేదు, విడిపోయామని ప్రకటన కూడా ఇవ్వలేదు. 2011 నుంచి పాత కచేరీల రికార్డింగులు వందల సంఖ్యలో ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. అది కూడా నిలబడటమే అని నేనంటాను. మీ బ్యాండ్‌లో పాటలు రాసింది ఆ సింగరే అయితే పేరు అలాగే వదిలెయ్యండి, కొత్త పేరు పెట్టుకోండి.

పాత క్యాసెట్లు:
రాసింది ఎవరన్నదే అసలు ప్రశ్న, నిజమే. బేస్ అన్నా, ఒక్క పని మాత్రం వెంటనే చెయ్యండి. ఏ పాట ఎవరు కట్టారు, పాత రికార్డింగుల మీద వచ్చే డబ్బులో వాడి వాటా ఎంత, పేరు వాడుకోవడానికి వాడికి సమ్మతమేనా, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకం పెట్టండి. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. మా బ్యాండ్‌లో మేము రాసుకోలేదు, మూడేళ్ళు మాటల్లేవు.

బేస్ వాయించేవాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. పాటలు నలుగురం కూర్చుని కట్టినవే, మాటలు మాత్రం సగానికి పైగా వాడివి. నిన్న రాత్రి ఫోన్ చేసి పేరు గురించి సూటిగా అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత “ఆపేస్తేనే నాకు బాధ” అన్నాడు. కాగితం రాయడానికి ఆదివారం వస్తానన్నాడు. కోరస్ నేను, డ్రమ్మర్ ఇద్దరం పాడతాం కానీ వాడి శ్రుతి మాకు అందదు. పాటల్ని ఒకటిన్నర కట్ట (శ్రుతి కొలత) దించి చూస్తున్నాం, రెండు పాటలు బాగానే కుదిరాయి, మూడోదాంట్లో గిటార్ మొత్తం మళ్ళీ కట్టాలి.