మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చి ఆగిపోయింది: స్కోపీ దాకా వెళ్లాలా?

వేకువ (ప్రశ్న):
మా నాన్నగారికి 71 ఏళ్లు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఆపే క్లోపిడోగ్రెల్ (బ్లడ్ థిన్నర్) వాడుతున్నారు. పోయిన వారం ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి, మంట, జ్వరం ఏమీ లేవు. మర్నాటికి మామూలైపోయింది. మూత్రం కల్చర్ పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదన్నారు. అల్ట్రాసౌండ్‌లో ప్రోస్టేట్ పెరిగిందని తప్ప వేరే ఏమీ కనిపించలేదు. మాకు తెలిసిన డాక్టరు "ప్రోస్టేట్ వల్లే, పైగా బ్లడ్ థిన్నర్ వేసుకుంటున్నారు కదా, కంగారు లేదు" అన్నారు. యూరాలజిస్ట్ మాత్రం సిస్టోస్కోపీ (సన్నటి గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం), సీటీ యూరోగ్రామ్ (డై ఎక్కించి కిడ్నీలు, మూత్రం దారి మొత్తం చూసే సీటీ స్కాన్) రెండూ చేయించమంటున్నారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇంట్లో రెండు వర్గాలైపోయాం. మీరేమంటారు?

నెమ్మది:
నేను మీ నాన్నగారి వైపే. ఈ వయసులో ప్రోస్టేట్ పెరగడం మామూలు. పెరిగిన ప్రోస్టేట్‌లో రక్తనాళాలు కూడా పెరుగుతాయి, అవి అప్పుడప్పుడు చిట్లుతాయి. దానికి తోడు రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు. కారణం కళ్లెదుటే ఉండగా లోపలికి గొట్టం వేయించడం ఎందుకు? సీటీ డైతో కిడ్నీలకు ఇబ్బంది, రేడియేషన్ వేరే. మళ్లీ వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

వార్డు దీపం:
యూరాలజీ వార్డులో నర్సుగా పనిచేస్తాను. "మళ్లీ వస్తే చూద్దాం" అన్న మాట దగ్గరే నాకు భయం, నెమ్మది గారూ. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉంటే దాన్నుంచి రోజూ రక్తం కారదు. ఒకసారి వచ్చి, వారాలు, ఒక్కోసారి నెలలు ఆగిపోతుంది. నొప్పి కూడా ఉండదు. కాబట్టి దానంతటదే ఆగిపోయిందన్నది ధైర్యం చెప్పే విషయం కాదు. నొప్పితో వచ్చేవాళ్లు ఆ రోజే పరిగెత్తుకొస్తారు, నొప్పి లేనివాళ్లే ఆలస్యంగా వస్తారు.

బ్లడ్ థిన్నర్ సంగతి. ఆ మందు లోపల కొత్తగా పుండు పెట్టదు. ఎక్కడో కొద్దిగా కారుతున్నదాన్ని మన కంటికి కనిపించేలా చేస్తుంది, అంతే. అందుకే మందు వాడుతున్నా వాడకపోయినా పరీక్షలు ఒకేలా చేయాలని అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి.

ప్రోస్టేట్ పెరిగినంత మాత్రాన మూత్రాశయంలో ఇంకేమీ లేదని కాదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మిగతావి చూసి, లేవని తేలాక "ఇది ప్రోస్టేట్ రక్తమే" అనాలి. ముందే అనేస్తే అది ఊహ మాత్రమే. అల్ట్రాసౌండ్ కిడ్నీలను బాగానే చూపిస్తుంది గానీ మూత్రాశయం గోడకు పరుచుకున్నట్టుండే చిన్న గడ్డలు, కిడ్నీ నుంచి కిందికి దిగే నాళంలోని గడ్డలు దానికి తేలిగ్గా దొరకవు.

ల్యాబ్ బల్ల:
దీనికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. అది నిజంగా రక్తమేనా? బీట్‌రూట్ తిన్నా, రిఫాంపిసిన్ (టీబీ మందు) లాంటి మందులు వాడినా రంగు మారుతుంది. కండరాలు బాగా దెబ్బతిన్నా మూత్రంలో ముంచే స్ట్రిప్ పరీక్ష రక్తం ఉన్నట్టు పాజిటివ్ చూపిస్తుంది. మైక్రోస్కోప్ కింద ఎర్ర రక్తకణాలు కనిపించాలి.

ఇంకొకటి, నాన్నగారిని కాస్త వివరంగా అడగండి. మొదట్లో మాత్రమే ఎర్రగా ఉంటే మూత్రం బయటికి వచ్చే నాళం వైపు అనుమానం, చివర్లో మాత్రమే అయితే ప్రోస్టేట్ లేదా మూత్రాశయం మెడ, మొత్తం ఎర్రగా ఉంటే మూత్రాశయం గానీ అంతకంటే పైన గానీ. సన్నగా, పొడుగ్గా పురుగుల్లాంటి రక్తపు గడ్డలు పడితే పైనుంచి వస్తున్నట్టు. టీ డికాక్షన్ రంగులో, నురగతో వచ్చి, ప్రోటీన్ కూడా పోతుంటే కిడ్నీ వడపోతలోనే తేడా ఉండొచ్చు. అప్పుడు నెఫ్రాలజిస్ట్‌ను (కిడ్నీ డాక్టరును) కూడా కలవాలి.

నెమ్మది:
సరే, కానీ మీ మాటలు వింటే అందరికీ క్యాన్సరే అనిపిస్తుంది. ఇంట్లో వాళ్లకు ఎంత టెన్షన్!

వార్డు దీపం:
కాదండీ, ఎక్కువమందికి ఉండదు. కంటికి కనిపించే రక్తంతో వచ్చే పెద్దవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి, కొన్నిచోట్ల అంతకంటే కొంచెం ఎక్కువమందికి క్యాన్సర్ బయటపడుతుంది. మిగతావాళ్లకు ప్రోస్టేట్, రాయి, ఇన్ఫెక్షన్, పాత రేడియేషన్ చికిత్స, ఏదో ఒకటి. కొందరికి ఏ కారణమూ దొరకదు. ఆ ఒక్కరు ఎవరో పైనుంచి చూసి చెప్పలేం కాబట్టే బ్రిటన్‌లో 45 దాటినవారికి ఇన్ఫెక్షన్ లేకుండా ఎర్రగా వస్తే క్యాన్సర్ అనుమానం కింద త్వరగా స్పెషలిస్ట్ దగ్గరికి పంపమంటారు. మీరన్న "ఆగి చూద్దాం" మైక్రోస్కోప్‌లో మాత్రమే కనబడే రక్తం విషయంలో, అదీ రిస్క్ తక్కువున్నవాళ్లకు సరిపోతుంది. అక్కడ పరీక్ష మళ్లీ చేసి చూడొచ్చు. ఇది అలాంటిది కాదు.

పాతనేస్తం:
వేకువ గారూ, నాన్నగారు సిగరెట్ కాల్చేవారా? మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. మానేసి ఏళ్లు గడిచినా రిస్క్ తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. రంగులు, రబ్బరు పరిశ్రమల్లో పనిచేసినా డాక్టరుకు చెప్పాలి. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు ఈ జబ్బు వస్తోందని జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ 1895లోనే గుర్తించాడు.

వేకువ:
చాలా ఏళ్లు కాల్చారు. స్టెంట్ వేశాకే మానేశారు. ఇది డాక్టరుకు చెప్పలేదు, ఆయనా అడగలేదు. స్కోపీ అంటే నొప్పి అని నాన్నగారి భయం. క్లోపిడోగ్రెల్ ఆపాలా?

వార్డు దీపం:
మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఊరికే చూడటానికి చేసే స్కోపీకి మామూలుగా ఆపరు. పరీక్షకు లోపలి నుంచి ముక్క తీయాల్సి వస్తే యూరాలజిస్ట్, గుండె డాక్టరు మాట్లాడుకుని చెబుతారు. ఇప్పుడు చాలాచోట్ల వంగే సన్నటి స్కోపే వాడుతున్నారు. మత్తు జెల్ పెట్టి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు. తర్వాత ఒకటి రెండు రోజులు మంట, లేత ఎరుపు ఉండొచ్చు. ఈలోగా రక్తపు గడ్డలు పడి మూత్రం ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

నెమ్మది:
స్కోపీకి ఒప్పుకుంటాను, సిగరెట్ సంగతి విన్నాక వద్దనలేను. సీటీ మాత్రం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా చేయించకండి.

వార్డు దీపం:
అది ఎలాగూ ముందే చూస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే డై లేకుండా ఎమ్మారైతో చూసే దారి కూడా ఉంది. అడగండి.

వేకువ:
నాన్నగారు స్కోపీకి సరేనన్నారు. రేపు క్రియాటినిన్ ఇస్తాం. సీటీ సంగతి ఆ రిపోర్టు చూశాక చెప్తానన్నారు.