జొన్నమల్లె: ఈ 'మల్లె' ఎక్కడిది?

కల్వకుర్తి నుంచి:
జొన్నచేలో పైరు మొదళ్ల దగ్గర తెల్లటి చిన్న పూలతో లేచే కలుపును జొన్నమల్లె అంటాం. తీగ కాదు, మల్లె వాసనా లేదు. మరి ఆ పేరెందుకు పడింది? పూల తెలుపు వల్లేనా?

దేవరకొండ నుంచి:
తెలుపొక్కటే కారణమైతే పొగాకు మల్లెకు ఆ పేరు రాకూడదన్నా. కోస్తా పొగాకు తోటల్ని పీడించే ఆ మల్లె పూలది నీలి ఛాయ. దాని ఒంట్లో పచ్చదనమే ఉండదు. జొన్నమల్లె పచ్చగానే ఉంటుంది. చూపుకు పోలిక లేని ఈ రెండూ కలిసేది ఒక్కచోటే, పైరు వేళ్లను పట్టి పీల్చడంలో. మాట పువ్వుతోనే మొదలై ఉండొచ్చు, కానీ రైతు నోట అది వేరును పీల్చే కలుపుకు పేరైందని నా అభిప్రాయం. వృక్షశాస్త్రం జొన్నమల్లెను, అంటే స్ట్రైగాను, చాలాకాలం వేరే కుటుంబంలో ఉంచింది. జన్యు పరిశీలనలు వచ్చాకే పొగాకు మల్లె ఉన్న ఒరబాంకేసీ కుటుంబంలోకి మార్చింది. మన మాట ఆ రెంటినీ ఎప్పుడో ఒకచోట చేర్చింది!

మొలవడంలోనూ రెండూ ఒకటే. ధూళిలాంటి వీటి గింజలు వాన పడ్డంత మాత్రాన మొలవవు, ఏళ్ల తరబడి మట్టిలో పడుంటాయి. దగ్గర్లోని వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్ల వంటి పదార్థాలు తగిలితేనే లేస్తాయి. స్ట్రైగోలాక్టోన్లు మొక్క హార్మోన్లు. వేరు వాటిని వదిలేది మల్లె కోసం కాదు. నేలలో భాస్వరం తక్కువైతే, దాన్ని అందించే మేలు శిలీంధ్రాన్ని పిలవడానికి. ఈ సంగతి 2005లో తేలింది. ఇవే మొక్క లోపల పక్క కొమ్మల్ని అదుపు చేస్తాయని 2008లో తెలిసింది. ఆ పిలుపును మల్లె గింజ కూడా పసిగడుతుంది. సారం లేని చెలకల్లో మల్లె ఎక్కువవడానికి ఇదో కారణం.

కల్వకుర్తి నుంచి:
పత్తి పెట్టిన చేలో మరుసటేడు జొన్న వేస్తే మల్లె తగ్గుతుందని మా నాయన అనేవాడు. అదీ దీనివల్లేనా?

దేవరకొండ నుంచి:
అవునన్నా. ఈ రకం పదార్థాన్ని 1966లో మొదట వేరుచేసిందే పత్తి వేళ్ల స్రావం నుంచి. పత్తి వేరు మల్లె గింజను మొలిపిస్తుంది గానీ తనను పట్టనివ్వదు. పీల్చడానికి వేరు దొరకని మొలక కొద్దిరోజుల్లో చస్తుంది. ఒక్క ఏడుతో గింజలన్నీ పోవు. ఒక్కో మల్లె మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, అందుకే పూత రాకముందే పీకెయ్యాలి.

మీ దిక్కు పెద్దలు దీనికి మల్లె కాక ఇంకో పేరేదైనా వాడుతుంటే అడిగి రాయండి.