ట్రైలర్ కుడి హబ్ ఒక్కటే ఎందుకు కాలుతోంది?

6×12 అడుగుల క్లోజ్డ్ కార్గో ట్రైలర్, 3500 పౌండ్ల సింగిల్ యాక్సిల్, ఎలక్ట్రిక్ బ్రేకులు. బేరింగులు కడిగి గ్రీజు పెట్టాక, 40 మైళ్లకే కుడి హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఎడమది గోరువెచ్చన. రెండింటికీ ఒకే డబ్బా లిథియం కాంప్లెక్స్ గ్రీజు.

హబ్ తిప్పుతూ నట్టు 50 ఫుట్-పౌండ్లకు బిగించి, వదులు చేసి, వేళ్లతోనే మళ్లీ బిగించి, నట్టు కదలకుండా కాటర్ పిన్ పెట్టాను. కాబట్టి బిగువు తప్పు కాకపోవచ్చు. బ్రేకులకు కరెంటు రాకుండా 7 పిన్నుల ప్లగ్ పీకి, చక్రాన్ని జాకీ మీద తిప్పినా ఒకేచోట సన్నటి గరగర. బ్రేక్ షూ అయితే బర్రుమని సాగదీస్తుంది కదా?

విప్పితే లోపలి రేసు (బేరింగు రోలర్లు దొర్లే ఉక్కు వలయం) మీద బియ్యపుగింజంత నీలిమచ్చ. బేరింగు, రేసు, సీలు జతగా మారుస్తాను, అది సరే. స్పిండిల్ (హబ్ ఎక్కే యాక్సిల్ చివర) మీద బేరింగు కూర్చునేచోట గోటికి గీత తగులుతోంది. 400 నంబరు ఎమరీ కాగితంతో రుద్దితే చాలా, యాక్సిలే మార్చాలా?