ఏజెంట్‌తో బ్లెండర్ టైమ్‌లైన్ నడిపిస్తే తప్పెటగుళ్ల దరువు జారిపోతోంది

రాజాం_కుర్రాడు:
తప్పెటగుళ్ల మీద (ఛాతీకి తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే మన ఉత్తరాంధ్ర ఆట) రెండు నిమిషాల యానిమేషన్. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.5, సెకనుకు 24 ఫ్రేములు. ప్రస్తుతం ఒక్క బొమ్మే, తరవాత పన్నెండు మంది కావాలి. ఏఐ ఏజెంట్‌ని బ్లెండర్‌కి కలిపే ఎంసీపీ సర్వర్‌లో ఒకటే టూల్ ఉంది: ఏజెంట్ పైథాన్ రాసి పంపితే బ్లెండర్‌లో నడుస్తుంది. సౌండ్ మన పల్లెలో దళం వాయించిన రికార్డింగ్. వేగం 110 బీపీఎం (నిమిషానికి 110 దరువులు) అని చెప్పి ప్రతి దరువుకీ చేతులకు కీ (ఫలానా ఫ్రేములో భంగిమని నిలిపే గుర్తు) పెట్టమన్నాను. మొదట్లో కుదురుతుంది, నిమిషం దాటేసరికి చెయ్యి దరువు కంటే ముందే పడుతోంది. మోచేతికి కీలు డోప్‌షీట్‌లో (కీల పట్టికలో) కనిపిస్తున్నాయి గానీ చెయ్యి కదలదు. ఒక్కోసారి బ్లెండరే మూసుకుపోతోంది. టూల్ ఎలా మార్చాలో చెప్పండన్నా.

బొబ్బిలి_తంత్రి:
ముందు దరువు సంగతి. 60ని 110తో భాగించి 24తో గుణిస్తే దరువుకి 13.09 ఫ్రేములు. ఏజెంట్ దాన్ని 13 చేసి, పోయినదానికి 13, దానికి ఇంకో 13 అని కూడుకుంటూ పోయి ఉంటుంది. రెండు నిమిషాల్లో 220 దరువులు, దరువుకి 0.09 పోతే చివరికి 20 ఫ్రేములు, అంటే 0.8 సెకను పైమాటే. ప్రతి దరువునీ మొదటి నుంచి లెక్కగట్టి చివర్లో ఒక్కసారే రౌండ్ చేస్తే ఈ తేడా ఉండదు. సౌండ్ 1వ ఫ్రేములో మొదలైతే ఆ 1 కలపడం మరవొద్దు.

అయినా మీ పనికి ఆ లెక్క సరిపోదు. దళం మెట్రోనోమ్ పెట్టుకుని వాయించదు, ఆట ఊపందుకునే కొద్దీ వేగం పెరుగుతుంది. 110 అన్నది సగటు మాత్రమే. ప్లేబ్యాక్‌లో సింక్ టు ఆడియో పెట్టి, పాట నడుస్తుండగా ప్రతి దరువుకీ కీబోర్డులో ఎం నొక్కితే మార్కర్ పడుతుంది. వేలు రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా పడడం మామూలే. సీక్వెన్సర్‌లో వేవ్‌ఫామ్ చూస్తూ అన్నిటినీ ఎంచుకుని జీ నొక్కి వెనక్కి జరపండి. ఇక ఏజెంట్‌కి బీపీఎం చెప్పొద్దు, మార్కర్లు చదివే టూల్ ఇవ్వండి. అవి పెట్టిన వరసలో వస్తాయి, టూల్‌లోనే ఫ్రేము ప్రకారం సర్దాలి. దరువు వినేది మనిషి చెవి, కీలు నింపేది ఏజెంట్. ఈ పంపకం తిరగబడితే ఎంత మంచి మోడల్ పెట్టినా జారుతుంది.

నాగావళి_గట్టు:
మోచెయ్యి కదలకపోవడానికి కారణం రొటేషన్ మోడ్. బొమ్మ లోపలి ఎముకలకి అది మామూలుగా క్వాటర్నియన్‌లో (నాలుగు అంకెల పద్ధతి) ఉంటుంది, ఏజెంటేమో ఆయిలర్ (మూడు కోణాల పద్ధతి) మీద కీ పెడుతుంది. కీ పడుతుంది, ఎముక పట్టించుకోదు. టూల్ ముందు మోడ్ చూసి, తేడా ఉంటే కీ పెట్టకుండా తప్పు సందేశం తిప్పి పంపాలి. డిగ్రీలనుకుని 45 అని నేరుగా పెట్టినా తప్పే పడుతుంది: బ్లెండర్ కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుంది. అందుకే పారామీటర్ పేరులోనే ‘డిగ్రీలు’, ‘ఫ్రేము’ అని ఉండాలి. ‘సమయం’ అని పెడితే 3.5 సెకన్లనుకుని పంపుతుంది, 3.5వ ఫ్రేములో కీ పడి కూర్చుంటుంది. ఫ్రేముని పూర్ణాంకంగానే తీసుకోండి.

బ్లెండర్ మూసుకుపోవడం థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) వల్ల కావచ్చు. సాకెట్ వినే థ్రెడ్‌లోంచి బీపీవైని (బ్లెండర్‌ని నడిపే పైథాన్ మాడ్యూల్) నేరుగా ముట్టుకోకూడదు. పనిని క్యూలో వేసి, బ్లెండర్ యాప్ టైమర్ ద్వారా మెయిన్ థ్రెడ్‌లో నడపండి. సర్వర్ స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ మీద నడుస్తుంటే మామూలు ప్రింట్ కూడా వద్దు, ఆ అక్షరాలు సందేశాల్లో కలిసి కనెక్షన్ చెడుతుంది. లాగ్ అంతా స్టాండర్డ్ ఎర్రర్‌కే.

ఏ కోడైనా నడిపే టూల్ తీసేసి నాలుగు పెట్టండి: టైమ్‌లైన్ స్థితి చదవడం, కీల జాబితాని ఒకేసారి పెట్టడం, ఫలానా ఫ్రేముల మధ్య కీలు తీసేయడం, ఒక ఫ్రేముకి వెళ్లి తెర చిత్రం తీసి పంపడం. కీలు పెట్టే ముందు అండూ పుష్ (వెనక్కి తిప్పుకునేందుకు గుర్తు), పెట్టాక అక్కడ నిజంగా ఏముందో చదివి జవాబుగా పంపాలి. ‘అయింది’ అన్న మాట ఒక్కటే పంపితే ఏజెంట్ నమ్మేసి ముందుకు పోతుంది. ఫ్రేము మారడానికి ఫ్రేమ్ సెట్ పిలవండి. కరెంట్ ఫ్రేము విలువ మాత్రం మార్చి ఊరుకుంటే ఆ స్క్రిప్టులో చెయ్యి పాత చోటే ఉన్నట్టు చదువుతుంది.

బ్లెండర్ 5.0కి మారే ఆలోచన ఉంటే, యాక్షన్‌లోంచి (కీలన్నీ దాచుకునే మూట) నేరుగా ఎఫ్‌కర్వులు (కీల మధ్య కదలికని చూపే గీతలు) చదివే పాత కోడ్ అక్కడ నడవదు. ఏజెంట్లు అలవాటుగా అదే రాస్తాయి.

రాజాం_కుర్రాడు:
మార్కర్లతో దరువు కుదిరింది, మోచెయ్యీ కదిలింది. దెబ్బ మాత్రం మెత్తగా, తప్పెటని నిమిరినట్టుంది. పన్నెండు మందికీ ఇదే కాపీ చేస్తే ఒకేలా ఆడరూ?

మూడులాంతర్లు:
కీ దగ్గర గీత వంపుని నిర్ణయించే హ్యాండిళ్లు ఆటో క్లాంప్‌డ్‌లో ఉండుంటాయి. చెయ్యి ఎదురు తిరిగే చోట అవి గీతని చదును చేస్తాయి, తప్పెట తాకేసరికి వేగం సున్నా. తాకే కీకి మాత్రం రెండు వైపులా వెక్టర్ (నేరు గీత) పెట్టించండి. నాలుగు ఫ్రేముల ముందు చెయ్యి బాగా బయటికి, తాకాక రెండు ఫ్రేముల్లో వెనక్కి. చిత్రం తీసే టూల్‌తో తాకే ఫ్రేమూ, దానికి ముందూ వెనకా ఒక్కోటి తీయించి చూడండి.

గుంపుకి చేతులది ఒక యాక్షన్, నడుము, తల, కాళ్లది వేరే యాక్షన్ చేసి ఎన్‌ఎల్‌ఏలో (యాక్షన్లని స్ట్రిప్‌లుగా పేర్చే ఎడిటర్) రెండు ట్రాకులుగా వేయండి. నడుము, తల, కాళ్ల స్ట్రిప్‌ని మనిషికో రకంగా ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ జరపండి, చేతులది జరపొద్దు. అందరి తప్పెటా ఒకే దరువుకి మోగాలి కదా. చేతులకి ఐకే (టార్గెట్ ఎటు జరిగితే చెయ్యి అటు వచ్చే ఏర్పాటు) ఉంటే ఆ టార్గెట్‌ని ఛాతీ ఎముకకి కట్టండి, లేకపోతే ఒళ్లు జరిగినప్పుడు చెయ్యి గాల్లో పడుతుంది.