కొత్తగా వచ్చినవాళ్లు బిల్డ్ ఆర్డర్ నేర్చుకున్నాకే టీమ్ గేమ్‌లోకి రావాలా? (ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2)

సీతాఫలం:
మా ఆయన, ఆయన హాస్టల్ ఫ్రెండ్స్ శనివారాలు నలుగురొక వైపు, నలుగురొక వైపు కూర్చుని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 (ఊరు కట్టి, సైన్యం పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ ఆట) ఆడతారు. డెఫినిటివ్ ఎడిషన్, అంటే ఆ పాత గేమ్‌కే కొత్తగా చేసిన రూపం. ఒకాయన మానేశాడని ఈమధ్య నన్ను లాగారు. ఇలాంటి ఆట నేను ముట్టుకోవడం ఇదే మొదలు. నాకు బాగా నచ్చింది, అది ముందే చెబుతున్నా. మ్యాప్ అంతా నల్లగా ఉండి, గుర్రపువాడు తిరిగేకొద్దీ చెట్లు, గొర్రెలు, బంగారం ఒక్కొక్కటే బయటపడుతుంటే నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాదు.

కానీ వాళ్లు నాతో అన్నది ఏంటంటే, "బిల్డ్ ఆర్డర్ (మొదట్లో ఎవర్ని ఏ పనిలో, ఏ వరుసలో పెట్టాలనే లెక్క) నేర్చుకుని రండి, అప్పటిదాకా వెనకాల ఫార్మ్‌లు వేసుకుని, మార్కెట్ కట్టి మాకు ఫుడ్ పంపండి, యుద్ధం మేం చూసుకుంటాం" అని. అడవిపందిని బాణం వేసి టౌన్ సెంటర్ దాకా పరిగెత్తించుకు రావాలని ఎవరూ చెప్పలేదు. నా విలేజర్‌ని అది పొడిచి చంపేసింది. హెడ్‌ఫోన్‌లో అందరూ ఒకేసారి నిట్టూర్చారు. కొత్తవాళ్లు అన్నీ నేర్చుకున్నాకే రావాలా, ఆడుతూ నేర్చుకోకూడదా?

పాతకోట:
నేర్చుకునే రావాలండీ. మొహమాటం లేకుండా చెబుతున్నా. ఇది పెద్ద బ్రహ్మవిద్య కాదు. ముగ్గురు విలేజర్లు, 200 ఫుడ్‌తో మొదలవుతుంది, విలేజర్‌కి 50 ఫుడ్, 25 సెకన్లు. మొదటి ఆరుగురు గొర్రెల మీద, తర్వాతి నలుగురు వుడ్ మీద, ఆ తర్వాత వచ్చినవాడు పందిని తేవడానికి, తర్వాత నలుగురు పళ్ల పొదల మీద. విలేజర్లని తయారుచేసే టౌన్ సెంటర్ ఒక్క క్షణం ఖాళీగా ఉండకూడదు. 500 ఫుడ్ రాగానే తర్వాతి యుగానికి, అంటే ఫ్యూడల్ ఏజ్‌కి, వెళ్లే బటన్ నొక్కాలి. కంప్యూటర్ మీద ఒంటరిగా నాలుగు సాయంత్రాలు కూర్చుంటే చేతికి అలవాటైపోతుంది. ఆర్ట్ ఆఫ్ వార్ అని శిక్షణ మిషన్లు గేమ్‌లోనే పెట్టారు, మెడల్స్ కూడా ఇస్తుంది. ఆ కాస్త కూడా చెయ్యకుండా వచ్చి మిగతా ముగ్గురి ఆట పాడు చెయ్యడం న్యాయమా?

బెజవాడ బ్రో:
ఆడటానికి ఫ్రాంక్స్ జాతిని తీసుకోండి అక్కా. ఫార్మ్ అప్‌గ్రేడ్‌లు ఫ్రీ, గుర్రాలకి 20 శాతం ప్రాణం ఎక్కువ. కళ్లు మూసుకుని ఆడొచ్చు.

చెరువుగట్టు:
ద్రవిడులు మనవాళ్లు కదా, అవే తీసుకోవాలి. ఏజ్ మారిన ప్రతిసారీ 200 వుడ్ ఊరికే వస్తుంది.

బెజవాడ బ్రో:
ద్రవిడులకి నైట్స్ (బలమైన గుర్రపు సైనికులు) లేవు బ్రో. కొత్తవాళ్లకి అది ఇచ్చి చంపకు.

గోడకుర్చీ:
పాతకోట గారూ, ఈత వచ్చాకే చెరువులో దిగమన్నట్టుంది మీ లెక్క. అడవిపంది ఎప్పుడు తిరగబడుతుందో, టౌన్ సెంటర్‌లోకి విలేజర్‌ని ఎప్పుడు దూర్చాలో వీడియో చూస్తే రాదు, మౌస్ పట్టుకుంటేనే వస్తుంది. పక్కన తెలిసినవాళ్లు ఉన్నప్పుడే కదా నేర్చుకునేది? ఒంటరిగా కంప్యూటర్‌తో కొట్టుకుంటే ఆ తప్పులే అలవాటవుతాయి. పైగా హార్డెస్ట్ అనే కష్టమైన స్థాయిలో కంప్యూటర్‌కి దొంగ వనరులు వస్తాయి, దాంతో ఏం నేర్చుకుంటారు?

చెరువుగట్టు:
అది పాత గేమ్‌లో. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఎక్స్‌ట్రీమ్ పెట్టినా కంప్యూటర్‌కి ఒక్క వుడ్ కూడా అదనంగా రాదు. మనలాగే కోసుకుని తింటుంది.

గోడకుర్చీ:
సరే, రాదు. నేను అడిగినది అది కాదు.

చెరువుగట్టు:
ఇంకోటి. పాతకోట చెప్పిన లెక్కలో లూమ్ (విలేజర్లకి ప్రాణం పెంచే అప్‌గ్రేడ్) మర్చిపోయాడు. 21 మంది విలేజర్లు కావాలంటే మొదటి ముగ్గురూ పోను 18 మంది, 18 ఇంటూ 25 అంటే 450 సెకన్లు, లూమ్‌కి ఇంకో 25. ఏడు నిమిషాల యాభై ఐదు సెకన్లకి ఫ్యూడల్ నొక్కాలి. ఇది లేకుండా బిల్డ్ ఆర్డర్ అనకండి.

పాతకోట:
కొత్తవాళ్లకి ఆ ఏడు యాభై ఐదు అక్కర్లేదు, తొమ్మిదిన్నరకి నొక్కినా చాలు. మెట్లు తెలిస్తే చాలంటున్నా, స్టాప్‌వాచ్ పట్టుకోమనట్లేదు.

చెరువుగట్టు:
తొమ్మిదిన్నరకి నొక్కితే ఏజ్ మారేసరికి ఎదుటివాడి స్కౌట్స్ (గుర్రపువాళ్లు) మనం చెట్లు కొట్టే వుడ్‌లైన్‌లో ఉంటాయి. తొమ్మిదిన్నర కుదరదు.

హాస్టల్ నంబర్ 4:
దట్టమైన అడవులుండే బ్లాక్ ఫారెస్ట్ మ్యాప్ పెట్టుకోండి, ట్రీటీ (కొంతసేపు ఎవరూ దాడి చెయ్యకూడదనే ఒప్పందం) పెట్టుకోండి, అందరూ హ్యాపీ.

సీతాఫలం:
ట్రీటీ పెట్టారండీ. ఆ టైమ్ అంతా నేను ఫార్మ్‌లు వేశాను. ట్రీటీ అయ్యాక కూడా ఫార్మ్‌లే వేశాను. నేను నలుగురు స్పియర్‌మెన్ చేసి గేట్ దగ్గర పెడితే "ఆ ఫుడ్ ఇటు పంపాల్సింది కదా" అన్నారు. ఆ స్పియర్‌మెన్ వాళ్ల గుర్రాల్ని రెండింటిని చంపారు, అది ఎవరూ చూడలేదు.

గోడకుర్చీ:
చూశారా పాతకోట గారూ? ఈమెకి మెట్లు తెలియక కాదు. స్పియర్ గుర్రానికి విరుగుడని ఈమెకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఈమెని ఆడనివ్వట్లేదు.

నేను చదివిన కాలేజీ హాస్టల్లో మా రూమ్‌కంతా ఒకటే కంప్యూటర్. కంప్యూటర్ ఉన్నవాడే ఆడేవాడు, పక్క రూమ్‌కి కేబుల్ లాగి రాత్రంతా ల్యాన్. నన్ను మంచం మీద కూర్చుని చూడమనేవాళ్లు. ఎప్పుడైనా వాడు మెస్‌కి వెళ్తే "మౌస్ పట్టుకో, ఇళ్లు కడుతూ ఉండు, ఇంకేం ముట్టుకోకు" అనేవాడు. ఇంజనీరింగ్ అయ్యేదాకా నేను ఇళ్లే కట్టాను. ఉద్యోగం వచ్చాక ఏం కొనుక్కోవాలో నాకు ఆలోచించే పని లేకపోయింది.

పాతకోట:
మీ హాస్టల్ సంగతికి నేను బాధ్యుణ్ణి కాదు. ఎప్పుడో ఎవరిమీదో ఉన్న కోపం ఇక్కడెందుకు తీర్చుకుంటున్నారు?

గోడకుర్చీ:
మీరు కూడా అదే మనిషి కాబట్టి. మౌస్ నాది, నువ్వు చూడు అనే మనిషి.

పాతకోట:
మాటలు జాగ్రత్త. నేనెవరో నీకు తెలీదు. నేను డల్లాస్‌లో ఉంటా. శనివారం పొద్దున్నే పిల్లలు లేవకముందు ఆడితేనే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి సాయంత్రం కుదురుతుంది. వారమంతా నాకు తెలుగులో కడుపునిండా మాట్లాడే మనుషులు ఆ రెండు గంటలే. ఇంతకుముందు మా గ్రూప్ ఇలాగే పోయింది. ఒకడు తమ్ముణ్ణి తెచ్చాడు, ఇంకొకడు ఆఫీసులో కొలీగ్‌ని తెచ్చాడు. ప్రతి వారం "ఇది ఎలా కట్టాలి, అది ఎక్కడుంది" అనే క్లాసే. ఆట లేదు. మా పాతవాళ్లు ఒక్కొక్కరే "ఈ వారం పని ఉంది" అని మానేశారు. ఎవరూ గొడవపడి వెళ్లలేదు, ఊరికే రావడం మానేశారు. మళ్లీ కలవలేదు మేం. ఆ బిల్డ్ ఆర్డర్ నేను అడిగేది గెలవడానికి కాదు. ఆ రెండు గంటలు మాకు మిగలాలని.

బెజవాడ బ్రో:
అన్నా ఇది ముందే చెప్పాల్సింది కదా.

గోడకుర్చీ:
నీ ఫ్రెండ్స్ నీకు కావాలి, అది నాకు అర్థమైంది. కానీ నీ రెండు గంటలు మిగలాలని ఇంకో మనిషి రెండు గంటలు ఫార్మ్‌లు వెయ్యాలా? ఫ్రెండ్స్ మాత్రమే కావాలంటే ఏడుగురే ఆడండి, ఎనిమిదో చోటు కంప్యూటర్‌కి ఇవ్వండి. మనిషిని పిలిచాక ఆ మనిషికి సగం ఆట ఇవ్వకూడదు.

పాతకోట:
ఏడుగురు, ఒక కంప్యూటర్ అంటే ఆట ఆటలా ఉండదు. ఇది నువ్వు ఆడితే తెలిసేది.

గోడకుర్చీ:
నేను ఆడుతున్నాను. కొత్తవాళ్లతోనే ఆడుతున్నాను. ప్రతి వారం.

చెరువుగట్టు:
ఆట మొదలయ్యే ముందు లాబీలో హ్యాండిక్యాప్ అని ఒక ఆప్షన్ ఉంది, ఎవరూ వాడరు. బలహీనంగా ఉన్నవాళ్లకి పని వేగం పెంచొచ్చు. ఆమెకి కొంచెం పెంచితే ఫ్యూడల్‌కి ఆలస్యమైనా నిలబడతారు. సైన్యం చేసుకోవచ్చు, ఎవరి ఆటా ఆగదు.

పాతకోట:
దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మధ్యలో క్లాసులు వద్దు. డౌట్లు ఆట అయ్యాక.

గోడకుర్చీ:
ఆట అయ్యాక అందరూ గుడ్‌నైట్ చెప్పి వెళ్లిపోతారు. ఎవరు చెబుతారు డౌట్లు?

సీతాఫలం:
నేను మా ఆయనకి ఈ థ్రెడ్ చూపించాను. పాతకోట గారూ, మీరు మా గ్రూప్ కాదు కానీ మావాళ్లకీ మీ భయమే ఉందట, ఆయన ఇప్పుడే ఒప్పుకున్నారు. ఆట పోతుందని కాదు, మనుషులు మానేస్తారని. ఆ మాట నాతో ముందే అని ఉంటే నాకు ఇంత కష్టం అనిపించేది కాదు. నాలుగు సాయంత్రాలు కంప్యూటర్‌తో కూర్చుంటాను, కొత్తవాళ్ల కోసం గేమ్‌లోనే ఉన్న వాలస్ కాంపెయిన్ ఏడు మిషన్లూ కూడా చేస్తాను. కానీ ఫుడ్ పంపను. నా ఫుడ్‌తో నా సైన్యం నేనే చేసుకుంటాను, ఓడిపోతే నా ఊరే కాలుతుంది. అలా కుదరదంటే ఎనిమిదో మనిషిని వాళ్లే వెతుక్కోవాలి.

పాతకోట:
నలుగురిలో ఒకరి ఊరు కాలితే మిగతా ముగ్గురి మీదకి ఎనిమిది సైన్యాలంత బలం వస్తుందండీ. అది ఆలోచించండి.

గోడకుర్చీ:
వస్తే రానివ్వు. ఆ ముగ్గురూ వెళ్లి కాపాడాలి, టీమ్ అంటే అదే కదా.

చెరువుగట్టు:
నాలుగు సైన్యాలే వస్తాయి, ఎనిమిది కాదు.