పానిక్ అటాక్ వచ్చిన పేషెంట్‌తోని ఏం మాట్లాడాలె?

వరంగల్‌ల నర్సింగ్ చదువుతున్న. సైకియాట్రీ పోస్టింగ్‌ల మొన్న రాత్రి ఒకామె సచ్చిపోతున్న బిడ్డా అని నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది, ఆమె వేళ్లు మంచులెక్క చల్లగున్నయ్, ఏం కాదమ్మా అంటే ఇంకింత ఏడ్చింది. ఏం జేయాలె అక్కా?

జవాబు 1: ఏం కాదు అనకు చెల్లె, ఆమెకు అయితున్నది నిజమే గదా. ముందుగాల బీపీ, పల్స్, ఈసీజీ చూడాలె, గుండె సంగతి తేలినంక పక్కన కూసొని ఊపిరి మెల్లగ ఇడ్వుమను, నువ్వు గూడ ఆమెతోనే ఇడ్వు. మామూలుగ 10 నిమిషాలల్ల జోరు తగ్గుడు మొదలైతది. ఒంటరిగ మాత్రం ఇడ్సిపెట్టకు.

జవాబు 2: ఆర్నెల్ల సంది రోజూ బెంగ, నిద్రలేమి ఉంటే అది పానిక్ అటాక్ కాదు, వేరే ఆందోళన జబ్బు కావచ్చు, దాన్ని కొలిచే జీఏడీ-7 అనే పట్టికల 7 ప్రశ్నలుంటయ్, స్కోరు 10 గానీ ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌కు చెప్పు.

జవాబు 3: మరి నీ సంగతేంది చెల్లె, డ్యూటీ దిగినంక ఎవరితోనన్న చెప్పుకున్నవా? సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగుల మాట్లాడుతరు, నేను గూడ చేసిన.