డీఏపీ చల్లినా వరి ఎదగడం లేదు, ఏం కొట్టాలి?

ఉదయగిరి రైతు: పొద్దున్నించీ వీడియోలు చూసి తల వాచిపోయింది. ఎర్ర నేల, 34449 రకం. డీఏపీ ఎకరాకు బస్తా చల్లా, తర్వాత ఇంకోటి చల్లా. పిలక లేదు. ఆకు ముదురు పచ్చగా, సన్నగా నిక్కి నిలబడింది, కింది ఆకులు ఊదా రంగుకు తిరుగుతున్నాయి. బస్తాలో కల్తీనా? ఏం కొట్టాలో చెప్పండన్నా.

గట్టుమీద: దమ్ము చేసి నాటారా, వెద పెట్టారా? నీళ్లు నిలుస్తున్నాయా? డీఏపీ ఎప్పుడేశారు? ఇవేం చెప్పకుండా మందడిగితే ఎట్టా?

సేంద్రియం: అసలు డీఏపీ ఎందుకండీ? ఇన్నేళ్లు పోసిన బస్తాల భాస్వరమంతా నేలలో బిగిసే ఉంది. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా 2 కిలోలు, మాగిన పశువుల ఎరువు 100 కిలోల్లో కలిపి ఆఖరి దుక్కిలో వేయండి.

గట్టుమీద: చేలో పైరుంటే ఆఖరి దుక్కేంది సామీ!

ఉదయగిరి రైతు: మెట్ట వరేనన్నా, పొడి దుక్కిలో వెద. మొలిచాక వాన పదునులో పైన చల్లా. నెల పైరు.

ఎర్రదుక్కి: అయితే బస్తాను అనుమానించే పని లేదు. మీరు చెప్పిన గుర్తులు భాస్వరం లోటువే, డీఏపీలోని భాస్వరం వేరుకు అందడం లేదు. యూరియా నీళ్లతో పాటు దిగుతుంది, భాస్వరం దిగదు. ఎర్ర మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు పడినచోటే పట్టేస్తాయి. పైపొర ఆరితే అక్కడ వేరు పనిచేయదు, మీ రెండు బస్తాలూ అక్కడే ఉన్నాయి. నీళ్లు కట్టిన కయ్యలో గాలి ఆడక ఇనుము రూపం మారి, పట్టుకున్న భాస్వరంలో కొంత వదులుతుంది. పొడి నేలలో ఆ వీలు లేదు.

వచ్చే కారుకి భాస్వరమంతా విత్తేటప్పుడే, గొర్రుతో గింజకు 5 సెంటీమీటర్లు పక్కగా, కాస్త కిందగా పడాలి. డీఏపీ గింజకు తగిలితే అమ్మోనియాకి మొలక మాడుతుంది. డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో 8. అంటే డీఏపీ ఒకటి బదులు సూపర్ మూడు. గంధకం అదనంగా వస్తుంది, నత్రజని మాత్రం విడిగా వేసుకోవాలి.

పాత రికార్డు: చెరువు నీళ్లొచ్చాక కడితే దాన్ని మెట్ట వరి అనరు, అర్ధ మెట్ట.

గట్టుమీద: పేరేదైతే ఏం లెండి, పైరు ఎండుతుంటే.

పాత రికార్డు: నీళ్లు కడితే భాస్వరం వదులుతుందని పైనే రాశారుగా. అందుకే అడుగుతున్నా, చెరువు కింద పొలమా, కాదా?

ఎర్రదుక్కి: నీళ్లుంటే కట్టండి. లేకుంటే లీటరుకు 20 గ్రాముల డీఏపీ రాత్రి నానేసి, పైతేట వడకట్టి సాయంత్రం పూట కొట్టండి. కొంత తేరుకుంటుంది, లోటు మొత్తం తీరదు. మూడో బస్తా మాత్రం వద్దు, జింకు అందకుండా పోతుంది. ఆకు మొదట్లో ఈనె పాలిపోయి తుప్పు మచ్చలొస్తే అది జింకు లోపం: లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్, విడిగానే. డీఏపీ నీళ్లలో కలిపితే విరిగి అడుగున పేరుకుంటుంది. లేత ఆకులు తెల్లబడితే ఇనుము లోపం, లీటరుకు అన్నభేది 10 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము.

పాత రికార్డు: మట్టి పరీక్ష చేయించారా? భాస్వరం కొలవడానికి ఆమ్ల నేలకు బ్రే పద్ధతి, మిగతావాటికి ఓల్సెన్. ఏ పద్ధతో చూడకుండా కార్డులో అంకె నమ్మొద్దు.

ఉదయగిరి రైతు: చెరువులో చుక్క లేదు. రాత్రికి నానేస్తా. థాంక్సన్నా.

సేంద్రియం: పచ్చిరొట్ట ఎరువు జీలుగ గురించి ఎవరూ అడగరేం?